నేను నింపిన రెండు పేజీలు

మా బాపు పెద్దపల్లి తహసీలు కచేరీలో నకల్‌నవీసు. ఎవరైనా రైతు వచ్చి, తన పొలం తగాదాలో ఇచ్చిన తీర్పుకు నకలు కావాలని దరఖాస్తు పెట్టుకుంటే, అసలు కాగితాన్ని ముందు పెట్టుకుని, దాన్ని చూసి మరో కాగితం మీదికి ఉన్నదున్నట్టు దింపి ఇవ్వడం ఆయన పని. అంతా ఉర్దూలోనే. ఆయన చదివిందీ ఉర్దూ, బతికిందీ ఉర్దూ మీదే. తెలుగు మాట్లాడటమే తప్ప నాలుగు వాక్యాలు రాయమంటే తంటాలు పడేవాడు. నేనేమో పోలీసు చర్య అయిన మరుసటేడు బడిలో పడ్డదాన్ని. నాకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఉర్దూలో అలిఫ్ ఏదో బే ఏదో తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి రాత ఒకరికి అందని తండ్రీకూతుళ్ళం. అప్పట్లో అదేమీ వింతగా అనిపించలేదు, మా వాడలో చాలా ఇళ్ళల్లో అంతే.

నకలు రాసేటప్పుడు సొంత తెలివి చూపించడం బాపు లెక్కలో పెద్ద పాపం. అసలులో ఒక అక్షరం చెరిగిపోయి ఉంటే, ఇక్కడ అక్షరం చెరిగింది అని పక్కన రాసేవాడే కానీ ఆ అక్షరం ఏదై ఉంటుందో ఊహించి రాసేవాడు కాదు. ఒకసారి ఒక రైతు మా ఇంటికే వచ్చి కూర్చున్నాడు. తీర్పులో అతని ఊరి పేరు తప్పు పడింది. నకల్లోనైనా సరిచేసి ఇవ్వమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. బాపు కదల్లేదు. "అసల్‌ల ఏముంటే నకల్‌ల గదే ఉంటది. నువ్వు తహసీల్దార్ దొర దగ్గరికి పోయి అసల్ మార్పిచ్చుకో. నేను పొద్దుగూకెటాల్లకు నకల్ రాసిస్త" అన్నాడు. ఆ రైతు తిట్టుకుంటూ పోయాడు. బాపు మాత్రం ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ప్రతి నకలు చివరా ఆయన ఒక వరస రాసి దాని కింద సంతకం పెట్టేవాడు. అది ఏమిటో నేను ఎన్నడూ అడగలేదు. ఏదో కచేరీ తతంగం అనుకున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బాపు నెత్తిన పిడుగు పడింది. రాష్ట్రం మారింది, కచేరీ కాగితాలు ఇంగ్లీషులోకి మారుతున్నాయి, ఉర్దూ మాత్రమే వచ్చిన గుమాస్తాలంతా ఇంగ్లీషు పరీక్ష రాయాలన్నారు. పాసైతే కుర్చీ ఉంటుంది. తప్పితే పాత కాగితాల గదిలో మూటలు కట్టే పని. నౌకరీ పోదు, కలం పోతుంది. బాపుకు అదే పెద్ద దుఃఖం. ఆ సాయంత్రం ఆయన మా అవ్వతో, అంటే అమ్మతో, అన్న మాట నాకు ఇంకా వినిపిస్తుంది: "మూటలు ఎవ్వడైన కడ్తడే. గీ చెయ్యి మూటలు కట్టుడానికేనా?"

అవ్వ ఏడ్చే రకం కాదు. "గింత పరేషానెందుకు? ఇంట్ల ఇంగ్లీషు పంతులమ్మను పెట్టుకోని" అని నా వైపు చెయ్యి చూపించింది. అట్లా నేను పంతులమ్మనయ్యాను.

బాపు కరీంనగర్ పోయి, పాత పుస్తకాల దుకాణంలో ఒక గ్రామర్ పుస్తకం తెచ్చాడు. అన్నీ అభ్యాసాలే. ఖాళీలు నింపుము, ఇవాళ్టి వాక్యాన్ని నిన్నటికి మార్చుము, నిన్నటిదాన్ని రేపటికి మార్చుము. పరీక్ష పెట్టేవాళ్ళు కూడా ఆ పుస్తకంలోంచే ఇస్తారని కచేరీలో ఎవరో చెప్పారట. చివర జవాబుల పేజీలు ఉండాలి, కానీ ఎవరో చింపుకుపోయారు. "జవాబులు లేవు బాపూ" అంటే "నువ్వున్నవ్ గద బిడ్డా" అన్నాడు.

రోజూ పొద్దున్నే, ఆయన కచేరీకి పోయే ముందు గంటసేపు పాఠం. మొదటి రోజు బాపు కొత్త నోట్‌బుక్కు తీసి చివరి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఉర్దూ నోట్‌బుక్కులు అట్లాగే తెరుచుకుంటాయి మరి. నేను పకపకా నవ్వాను. ఆయన కూడా నవ్వి, "ఎటు నుంచి తెరిస్తేంది, అక్షరాలు సక్కగుంటే సాలు" అన్నాడు. నిజం చెప్పాలంటే నెల తిరక్కుండానే ఆయన ఇంగ్లీషు చేతిరాత మా హైస్కూలు హెడ్మాస్టరు రాతను మించిపోయింది. ముత్యాలు పేర్చినట్టు ఉండేది. చిక్కంతా ఆ ముత్యాల అర్థంతోనే.

అతను రోజూ బజారుకు వెళ్తాడు అని ఇంగ్లీషులో ఒక వాక్యం. దాన్ని నిన్నటికి మార్చాలి. బాపు కాసేపు దాని వైపు చూసి, ఒక్క చుక్క కూడా పోకుండా అదే వాక్యాన్ని దింపాడు.

"మార్చాలె బాపూ."

"ఎందుకు?"

"ఎందుకేంది? మార్చుమని ఉన్నది."

"రాసి ఉన్నదాన్ని మార్చుడేంది బిడ్డా? గది జాల్‌సాజీ, దొంగ కాగితం జేసినట్టు. ఎవలన్న జూస్తే నౌకరీ పోతది."

అవ్వ వంటింట్లోంచి పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ వారం రోజులు అదే వరసైతే ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళు, ఉన్నదాన్ని ముట్టుకోవద్దు అని నేర్చుకున్న చెయ్యి అది. మార్చమంటే కలం ముందుకు పోయేది కాదు. ఆయన కష్టం అదీ అని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు, ముక్కు మీద కోపం. "నీకు సమజ్ కాదా బాపూ! చిన్నపిల్లలకు గుడ అస్తది" అని అరిచేదాన్ని. కచేరీలో అందరూ అదబ్‌తో, మర్యాదగా మాట్లాడే మనిషి, నా ముందు తల వంచుకుని కూర్చునేవాడు. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక్కొక్క అభ్యాసానికీ జవాబులు నేను నా నోట్‌బుక్కులో రాయాలి. ఆయన వాటిని తన నోట్‌బుక్కులోకి నకలు చేసుకుని, బట్టీ పట్టాలి. "గిట్లైతే నాకు అల్కగ అస్తది. అసల్ నీది, నకల్ నాది" అని సంబరపడ్డాడు. నాకూ పీడ విరగడైనట్టే అనిపించింది.

బాపు కష్టపడ్డాడు. కచేరీకి నడిచిపోతూ పెదవులు కదిలించేవాడు. దారిలో ఎదురైనవాళ్ళు ఏదో స్తోత్రం చదువుతున్నాడనుకునేవాళ్ళు. నేను పుస్తకంలో ఎక్కడ వేలు పెడితే అక్కడి జవాబు టక్కున అప్పజెప్పేవాడు. రానురాను, నాకు తెలియకుండానే, ఆయనకు లోపలి సంగతి కూడా కొద్దికొద్దిగా అందసాగింది. దాన్ని నేను గమనించలేదు. గమనించే తీరిక నాకెక్కడిది?

పెద్ద బతుకమ్మ రోజు పొద్దున. దసరా పోగానే పరీక్ష. ఇంకొక్క అభ్యాసం మిగిలింది, రెండు పేజీలు. వాడలో పిల్లలంతా చెరువు అవతలికి తంగేడు పూలకు బయల్దేరారు. గోడ అవతల నిలబడి, "వస్తున్నవా, మేం పోవాల్నా?" అని కేకలు. నేను గుమ్మం దాటబోతుంటే బాపు పుస్తకం పట్టుకుని వచ్చాడు. "గీ రెండు పేజీలు జర నింపి పో బిడ్డా. మళ్ల దినాలు లేవు" అన్నాడు.

కోపం నషాళానికి అంటింది. ఓణీ నడుముకు చెక్కుకుని, అట్లాగే గొంతుక్కూర్చుని, పరపరా గీకేశాను. పైన ఏం చెయ్యమన్నారో చదవలేదు. దానికి ముందు నాలుగైదు అభ్యాసాలూ నిన్నటికి మార్చమన్నవే కదా, ఇదీ అంతే అనుకుని అన్నీ నిన్నటికి మార్చేశాను. ఆ అభ్యాసం రేపటికి మార్చమన్నది. నా నోట్‌బుక్కు ఆయన చేతిలో పడేసి లేచాను.

బాపు పైన ఉన్న వరస మీద వేలు పెట్టాడు. పుస్తకం చూశాడు, నోట్‌బుక్కు చూశాడు. మెల్లగా అడిగాడు: "ఈడ పైన రేపటి మాట ఉన్నట్టున్నది గద బిడ్డా. నువ్వు రాసినయన్ని నిన్నటి లెక్కనే ఉన్నయ్?"

అన్ని నెలల్లో ఆయన తనంతట తాను కనిపెట్టిన మొదటి సంగతి అది. తప్పు పట్టాడు, సరిగ్గా పట్టాడు. మరొకరైతే ఎగిరి గంతేసి, శభాష్ బాపూ అనేవాళ్ళు. నేనేమన్నాను?

"నీకేం తెల్సు? అది గట్లనే ఉంటది."

"సరి చూసినవా బిడ్డా?"

"చూసిన, చూసిన. ఇగ పోనియ్యి!"

పూలకు పోయాను. బుట్ట నిండా తంగేడు, గునుగు తెచ్చాను. ఆ ఏడు మా బతుకమ్మే వాడలో ఎత్తు. తిరిగొచ్చేసరికి బాపు అరుగు మీద కూర్చుని, పైన పుస్తకంలోని వరసా కింద నా జవాబులూ దింపుతూ ఆ రెండు పేజీలు నకలు చేస్తున్నాడు. నేను ఆయన ముందు నుంచే పాట పాడుకుంటూ లోపలికి పోయాను.

పరీక్ష కరీంనగర్‌లో. ఉతికిన షేర్వానీ తొడుక్కుని, పొద్దుటి బస్సుకు పోయి సాయంత్రానికి వచ్చాడు. వస్తూ వస్తూ నాకు మిఠాయి తెచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "బిడ్డా, అన్ని మన కితాబుల్నే! నువ్వు బతుకమ్మ నాడు రాసిచ్చిన రెండు పేజీలు లేవూ, ఉన్నదున్నట్టు గవే ఇచ్చిండ్రు. ఒక్క అక్షరం పోనియ్యలే. కండ్లు మూసుకోని రాసిన" అన్నాడు.

ఆ పొద్దున ఆయన వేలు పెట్టి చూపించిన వరస గుర్తొచ్చింది. పుస్తకం తెరిచి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. తెరవలేదు. భయం. మర్నాడు అవ్వ పాత కాగితాలు కిరాణా దుకాణానికి పొట్లాలకు ఇస్తుంటే, నా నోట్‌బుక్కు తెచ్చి ఆ కుప్పలో వేశాను. "గప్పుడే పారేస్తవేందే?" అంది అవ్వ. నిండిపోయిందన్నాను.

చలికాలంలో ఫలితం వచ్చింది. బాపు తప్పాడు. పెద్ద గుమాస్తా పిలిచి, "ఇంత సక్కటి రాత, ఇన్ని తప్పులా? కొంచెంల పోయింది" అన్నాడట. కొంచెంలో పోయిందన్న ఆ మాట బాపు ఇంటికొచ్చి మామూలుగానే చెప్పాడు. నేను మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అసలు అనుమానమే రాలేదు. "ఆడ కూసున్నంక యాదికి లేకపాయెనేమో. వయసు మీద పడ్డది గద" అని తన మతిమరుపు మీదికే నెట్టేసుకున్నాడు. ఒక్క అక్షరం పోనివ్వలేదని చెప్పిన నోటితోనే.

ఆయన్ని ఆదిలాబాద్‌లో పాత కాగితాల గదికి మార్చారు. అవ్వ వెంట పోయింది. నేను మెట్రిక్ అయ్యేదాకా పెద్దమ్మ దగ్గర పెద్దపల్లిలోనే ఉండిపోయాను. సెలవులకు పోతే, ఎర్ర గుడ్డల్లో కాగితాలు మూట కట్టి కట్టి ఆయన వేళ్ళు పగిలిపోయి ఉండేవి. మూతి మీద దుమ్ము. ఆ మూటల్లో ఉన్నవన్నీ ఆయనలాంటి గుమాస్తాల ఉర్దూ చేతిరాతలే. ఎవరైనా అడిగితే నేనేమో, "మా బాపుకు ఇంగ్లీషు తలకెక్కలే" అని తేలిగ్గా చెప్పేదాన్ని. ఎన్నిసార్లు చెప్పానో. చెప్పగా చెప్పగా నాకే అది నిజమనిపించింది.

నేను ట్రైనింగ్ చేసి కాగజ్‌నగర్‌లో ఇంగ్లీషు టీచరునయ్యాను. బాపు రిటైరై, అవ్వతో కలిసి నా దగ్గరికే వచ్చేశాడు. కాగితం మిల్లులో పనిచేసేవాళ్ళ పిల్లలు సాయంత్రాలు మా వరండాలో చదువుకోవడానికి వచ్చేవాళ్ళు. బాపుకు అది పండుగ. కుర్చీ కొంచెం దూరంగా వేసుకుని, నేను టెన్సులు చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు, "మీ టీచర్ నాకు గుడ చెప్పింది, ఎర్కేనా" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాటకు నేను తల తిప్పుకునేదాన్ని.

ఒకనాడు ఒక ముస్లిముల అమ్మాయి, చురుకైన పిల్ల, తన గ్రామర్ పుస్తకం పోయిందని దిగులుగా కూర్చుంది. బాపు లేచి లోపలికి పోయాడు. పెట్టె చప్పుడైంది. ఎర్ర గుడ్డలో చుట్టిన ఒక నోట్‌బుక్కు పట్టుకొచ్చాడు. నేను పదేళ్ళ తరవాత దాన్ని అప్పుడే చూశాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. గిండ్ల అన్ని అభ్యాసాలున్నయ్. అసల్ మీ టీచరే రాసింది. నేను నకల్ తీసిన."

ఆ అమ్మాయి నోట్‌బుక్కును చివరి నుంచే తెరిచింది. ఆమెకు ఉర్దూ వచ్చు కదా. పేజీ కింద చూసి ముచ్చటపడింది. "తాతా, ఇక్కడ ఉర్దూల రాసినవ్! నకల్ ముతాబిక్ అసల్ హై. ప్రతి పేజీకి రాసినవ్!"

"అంటే?" అన్నాను నేను. పాతికేళ్ళు వచ్చినాక, మొదటిసారి.

"నకలు అసలుకు తగినట్టున్నది అని. ఏం తేడా లేదని జమానతు, పూచీ అన్నట్టు. సంతకం పెట్టినంక తేడా వస్తే మనిషి మాట పోతది" అన్నాడు బాపు.

పిల్ల పేజీలు తిప్పుతోంది. నోట్‌బుక్కు ఇటివ్వమని చెయ్యి చాచబోయాను. చివరి రెండు పేజీల దగ్గర ఆమె ఆగింది. "టీచర్, పైన రేపటికి మార్చుమని ఉన్నది. అన్ని నిన్నటికి మార్చి ఉన్నయ్. ఇది తప్పు గదా?"

"ఉండదు" అన్నాడు బాపు. గొంతులో ఏ తొణుకూ లేదు. "అసల్ జూసి రాసిన. అసల్‌ల తప్పుండదు."

అందరూ నా వైపు చూశారు. ఏడెనిమిది మంది పిల్లలు, వాళ్ళ టీచర్ని నేను. ఒక్క మాట చాలు. తప్పు నాది, నకలు సరైనదే అంటే చాలు. పిల్లలు ఒక రోజు నవ్వుకునేవాళ్ళేమో, మర్నాటికి మరిచిపోయేవాళ్ళు.

"రాసుకునేటప్పుడు నీ చూపు తప్పినట్టుంది బాపూ" అన్నాను.

అనేశాను. నా నోరు పడిపోను, ఎంత మామూలుగా అన్నానో!

బాపు నోట్‌బుక్కు తీసుకున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. రెండు పేజీలూ వేలు పెట్టి వరస వరసా చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత నన్ను అడిగాడు. "అసల్ యాడున్నది బిడ్డా? ఒక్కసారి జూద్దాం."

"ఎప్పుడో పోయింది బాపూ. పొట్లాలకు ఇచ్చేసినం."

"అట్లనా" అన్నాడు. అసలు లేకపోతే నకల్‌నవీసు ఇంకేం చెప్పగలడు? బతుకమ్మ నాడు తను నన్నడిగిన సంగతి ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలియదు. ఉందనే అనుకుంటున్నాను. ఉన్నా అనడు, ఆయన తీరే అంత.

ఆ అమ్మాయి చేతిలోంచి కలం అడిగి తీసుకున్నాడు. ఆ రెండింట్లో మొదటి పేజీ కింద ఉర్దూ వరస మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. దాని కింది సంతకం మీద ఇంకొకటి. పేజీ తిప్పి అక్కడా అట్లాగే కొట్టాడు. రాసినదాన్ని బాపు కొట్టెయ్యడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గీత వంకర పోయింది.

కలం తిరిగి ఇచ్చేస్తూ ఆ పిల్లతో అన్నాడు: "మీ టీచర్ చెప్పినట్టే రాసుకో బిడ్డా. నా నకల్ నమ్మకు."

ఆ తరవాత రెండేళ్ళు బతికాడు. సాయంత్రం పిల్లలు వచ్చే వేళకు లోపలి గదిలోకి పోయి పడుకునేవాడు. కుర్చీ వరండాలో ఖాళీగా ఉండేది. రోజూ పొద్దున చాయ్ ఇచ్చేటప్పుడు చెబుదామనుకునేదాన్ని. బాపూ, తప్పు అసల్‌లోనే ఉంది. అంతే కదా, నాలుగు మాటలు. చాయ్ చేతికిచ్చి, చల్లారకముందే తాగమని చెప్పి బడికి పోయేదాన్ని.